అనాఫిలాక్సిస్

అనాఫిలాక్సిస్ అనగా తనకు సరిపడని పదార్థానికి శరీరం ఒక్కసారిగా, తీవ్రంగా స్పందించడం వలన ఏర్పడే ప్రాణాపాయ స్థితి. దీనిని తీవ్ర ఎలర్జీ ప్రతిచర్య అని కూడా అంటారు. సాధారణ ఎలర్జీ చర్మానికో, ముక్కుకో పరిమితమవుతుంది. అనాఫిలాక్సిస్‌లో శ్వాసమార్గం, రక్తప్రసరణ కూడా దెబ్బతింటాయి. నిమిషాలలో మరణం సంభవించే అవకాశం ఉన్నా, ఎడ్రినలిన్ ఇంజెక్షను సకాలంలో అందితే అత్యధికులు కోలుకుంటారు.

చరిత్ర

ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియే 1901లో మొనాకో పాలకుడు మొదటి ఆల్బర్ట్ ఓడలో ప్రయాణిస్తూ సముద్రజీవుల విషంపై పరిశోధన ప్రారంభించారు. ఫ్రాన్సుకు తిరిగివచ్చిన పిదప సీ ఎనిమోన్ అనే జీవి విషాన్ని కుక్కలకు ఎక్కించారు. మొదటిసారి తట్టుకొన్న కుక్కకు కొన్ని వారాల తరువాత అదే విషాన్ని కొద్ది మోతాదులో ఇవ్వగా, రక్షణ కలగడానికి బదులు అది కొద్దిసేపటిలోనే మరణించింది. టీకా సూత్రానికి విరుద్ధమైన ఈ స్థితికి 1902లో గ్రీకు పదాల ఆధారంగా 'రక్షణకు వ్యతిరేకం' అనే అర్థంలో అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. ఈ పరిశోధనకు రిషే 1913లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి పొందాడు.

శరీరంలో జరిగే ప్రక్రియ

సరిపడని పదార్థం మొదట శరీరంలో ప్రవేశించినపుడు ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ అనే ప్రతిదేహాలు తయారై మాస్ట్ కణాలకు అంటుకొని ఉంటాయి. అదే పదార్థం మరల ప్రవేశించినపుడు ఆ కణాలు హిస్టమిన్ మొదలైన రసాయనాలను ఒక్కసారిగా విడుదల చేస్తాయి. వీటి వలన రక్తనాళాలు వ్యాకోచించి, వాటి నుండి ద్రవం బయటకు ఊరి రక్తపోటు పడిపోతుంది. ఊపిరితిత్తులలోని గాలిగొట్టాలు ముడుచుకుంటాయి, గొంతు వాస్తుంది. కొన్ని మందులు ప్రతిదేహాలతో పనిలేకుండా నేరుగా ఈ కణాలను ప్రేరేపించగలవు. కనుక మొదటిసారి వాడినపుడు కూడా ప్రమాదం రావచ్చు.

కారణాలు

* ఆహారం: వేరుశనగ, జీడిపప్పు, రొయ్యలు, పీతలు, చేపలు, గుడ్లు, పాలు, నువ్వులు.
* కీటకాలు: తేనెటీగ, కందిరీగ కాట్లు.
* మందులు: పెన్సిలిన్ వంటి యాంటీబయాటిక్‌లు, కొన్ని నొప్పి మందులు, స్కానింగులో ఎక్కించే రంగు మందులు.
* పాము విషానికి విరుగుడు: ఇది గుర్రాల రక్తం నుండి తయారవుతుంది. అందువలన ఇది ఎక్కించే ముందే ఎడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకుంటారు. ఈ భయంతో విరుగుడును నిరాకరించరాదు, విషం వలన కలిగే ప్రమాదమే పెద్దది.

లక్షణాలు

* ఒళ్ళంతా దద్దుర్లు, దురద, పెదవులు, నాలుక, కనురెప్పల వాపు.
* గొంతు బిగుసుకోవడం, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, పిల్లికూతలు.
* కళ్ళు తిరగడం, నాడి బలహీనపడటం, స్పృహ తప్పడం.
* వాంతులు, విరేచనాలు, తీవ్రమైన కడుపునొప్పి.

పదిమందిలో ఒకరిద్దరికి దద్దుర్లు కనిపించవు. దద్దుర్లు లేవు కనుక ఇది ఎలర్జీ కాదని భావించడం ప్రమాదకరం.

ప్రథమ చికిత్స

1. కారణమైన మందును లేదా ఆహారాన్ని వెంటనే ఆపాలి. తేనెటీగ ముల్లు ఉంటే ఆలస్యం చేయక తీసివేయాలి.
2. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో ఉంచాలి. ఆయాసం ఎక్కువగా ఉంటే కాళ్ళు చాపి కూర్చోబెట్టవచ్చు. వాంతులవుతుంటే, లేదా గర్భిణి అయితే ఎడమ ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి.
3. రోగిని లేచి నిలబడనీయరాదు, నడిపించరాదు. అలా చేస్తే గుండెకు రక్తం చాలక హఠాత్తుగా ప్రాణం పోవచ్చు.
4. ఎడ్రినలిన్ అందుబాటులో ఉంటే వెంటనే తొడ వెలుపలి కండరంలో ఇవ్వాలి.
5. 108 లేదా 112కు ఫోను చేయాలి. శ్వాస ఆగిపోతే ఛాతీని నొక్కుతూ కృత్రిమ శ్వాస అందించాలి.

వైద్య చికిత్స

ఎడ్రినలిన్ రక్తనాళాలను సంకోచింపజేసి రక్తపోటును పెంచుతుంది, గాలిగొట్టాలను తెరుస్తుంది, మాస్ట్ కణాల నుండి రసాయనాల విడుదలను తగ్గిస్తుంది. మోతాదు కిలో బరువుకు 0.01 మి.గ్రా. చొప్పున, పెద్దలకు గరిష్ఠంగా 0.5 మి.గ్రా. గుణం కనిపించకపోతే 5 నుండి 15 నిమిషాలకు మరల ఇస్తారు. ఆక్సిజన్, సెలైన్ కూడా అవసరమవుతాయి.

యాంటీహిస్టమిన్ మాత్రలు దురదను, దద్దుర్లను మాత్రమే తగ్గిస్తాయి, గొంతు వాపును గాని పడిపోయిన రక్తపోటును గాని సరిచేయలేవు. స్టెరాయిడ్‌లు పనిచేయడానికి గంటలు పడుతుంది. మాత్ర వేసి ఎదురుచూడటం వలన విలువైన సమయం వృథా అవుతుంది.

తగ్గిన లక్షణాలు కొన్ని గంటల తరువాత తిరగబెట్టవచ్చు. కనుక కోలుకున్నా ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచుతారు.

నివారణ

ఒకసారి అనాఫిలాక్సిస్ వచ్చినవారు నిపుణుల ద్వారా కారణాన్ని నిర్ధారించుకొని, ఆ పదార్థం పేరు వ్రాసిన చీటీని ఎల్లప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. ఏ వైద్యునివద్దకు వెళ్ళినా ముందుగా ఆ విషయం చెప్పాలి. పిల్లల విషయంలో పాఠశాల ఉపాధ్యాయులకు, వంటవారికి తెలియజేయాలి. వైద్యుని సలహాపై ఎడ్రినలిన్ దగ్గర ఉంచుకొని, దానిని ఇచ్చే విధానాన్ని కుటుంబసభ్యులు కూడా నేర్చుకోవడం మంచిది.