ఎండకు లోటులేని విశాఖలో ‘డి’ విటమిన్ కరువు - కాలేయపు కొవ్వుకు సూదిమందు కంటే నడకే మేలు

విశాఖపట్నం: ఒక పక్క సముద్రం, మరో పక్క కొండలు, ఏడాదిలో అధిక భాగం కాసే ఎండ. ఇటువంటి జిల్లాలో సూర్యరశ్మి వల్ల లభించే ‘డి’ విటమిన్‌కు కరువు వుందంటే నమ్మబుద్ధి కాదు. కల్లు, సారా ముట్టని వాని కాలేయం చెడిందంటే అంతకన్నా నమ్మబుద్ధి కాదు. అయినా ఈ రెండూ నిజాలే. రెండూ ఒకే మనిషిలో కనబడటం కూడా ఇప్పుడు వింత కాదు.

“నానెప్పుడూ సుక్క ముట్టనేదు బాబూ, నాకు లివరు జబ్బేటి?” స్కానింగు చీటీలో ‘ఫ్యాటీ లివర్’ అన్న మాట చూపించినప్పుడు పల్లె మనిషి డాక్టరును అడిగే మొదటి ప్రశ్న ఇదే. రక్త పరీక్షలో ‘డి’ విటమిన్ కూడా తక్కువని తేలితే రెండో ప్రశ్న వస్తుంది: “డి సూదేయించుకుంటే ఆ కొవ్వు కరిగిపోద్దా బాబూ?”

కరగదు. ఎందుకు కరగదో, మరి ఏం చేస్తే కరుగుతుందో ప్రతి ఇంటివారూ తెలుసుకోవలసి వుంది.

తాగకపోయినా వచ్చే జబ్బు

కుడివైపు పక్కటెముకల కింద వుండే కాలేయం సుమారు ఒకటిన్నర కిలోల బరువు వుంటుంది. అందులో కొవ్వు నూటికి 5 పాళ్లు దాటితే దానిని కొవ్వు పట్టిన కాలేయం అంటారు. మద్యం దీనికి ఒక కారణం. కాని తాగని వారిలో కూడా ఇది విస్తారంగా వస్తున్నది.

పండిన గింజలు గాదెలో పట్టకపోతే రైతు వసారాలో పోస్తాడు. వసారా నిండితే పడుకునే గదిలో కూడా బస్తాలు వేయవలసి వస్తుంది. శరీరం కూడా అంతే. చేసే పనికి మించి తిన్న అన్నం, పంచదార, నూనె కొవ్వుగా మారి మొదట చర్మం కింద, తరువాత పొట్టలో, ఆఖరికి కాలేయంలో చేరుతుంది. చక్కెర వ్యాధి వున్న వారికీ, పొట్ట పెరిగిన వారికీ ఈ బెడద ఎక్కువ. మనిషి సన్నగా కనబడినా పొట్ట ముందుకు వస్తే అనుమానించవలసిందే.

చిక్కేమిటంటే ఈ జబ్బు చాలాకాలం నొప్పి పెట్టదు. కొందరిలో ఏళ్ల తరబడి కొవ్వు నిలిచి కాలేయం వాస్తుంది, గట్టిపడుతుంది, కడుపులో నీరు చేరుతుంది, కేన్సరు కూడా రావచ్చు. అందరికీ అంతదూరం పోదు. కాని ఈ జబ్బున్న వారిలో గుండెపోటు భయం కూడా ఎక్కువే.

హైదరాబాదులో 345 మంది కంప్యూటరు ఉద్యోగులను పరీక్షించగా నూటికి 84 మంది కాలేయంలో కొవ్వు కనిపించిందని 2025లో ప్రకటించారు. అది పట్నంలో కుర్చీ ఉద్యోగుల సంగతి కదా, పల్లెలకేమని కొందరు అనవచ్చు. అయితే పల్లె బతుకు కూడా మారిపోయింది.

మారిన పని - మారని కంచం

1933లో విశాఖ రేవు ప్రారంభమైన నాటికి సరుకు దించడంలో మనిషి వీపు మీద మోత చాలా వుండేది. ఇప్పుడు ఆ పని క్రేన్లు, కన్వేయరు బెల్టులు చేస్తున్నాయి. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో దానిని జాతికి అంకితం చేశారు. ఆ చుట్టుపక్కల పొలాలు దున్నిన వారి పిల్లలు షెడ్లలో, క్రేను గదుల్లో, షాపుల్లో, గేటు కాపలాలో కుదురుకున్నారు. పెందుర్తి, ఆనందపురం, సబ్బవరం వైపు నుంచి ఎందరో బస్సు మీద, మోటారు సైకిలు మీద పనికి పోయి వస్తున్నారు. రాత్రి షిఫ్టు వారికి పగలంతా నిద్ర. ఊళ్లో మిగిలిన వారికి నాగలి బదులు ట్రాక్టరు వచ్చింది.

పని మారింది కాని కంచంలో అన్నం కుప్ప మారలేదు. నాడు పొలం దున్ని వచ్చిన తాతగారు తిన్నంత అన్నమే నేడు స్టూలు మీద కూర్చుని వచ్చిన మనవడు తింటున్నాడు. అంబలి పోయి తీపి టీ, కూల్ డ్రింకు వచ్చాయి. కాలేయంలో కొవ్వు చేరడానికి ఇంతకంటే కారణం వెతకనక్కరలేదు.

‘డి’ విటమిన్ ఎలా తగ్గింది?

ఎండ తగిలినప్పుడు ఈ విటమిన్ మన చర్మంలోనే తయారవుతుంది. తరువాత కాలేయం దాన్ని ఒక మెట్టు మారుస్తుంది, మూత్రపిండాలు మరో మెట్టు మార్చి పనికి సిద్ధం చేస్తాయి. ఎముకలకు, కండరాలకు ఇది అవసరం. పగలు నీడన గడిపేవారికి ఎండ ఎక్కడిది? అద్దం కిటికీలోంచి పడే ఎండ ఇందుకు పనికిరాదు.

తిరుపతి శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ డాక్టర్లు 2000 తరువాతి సంవత్సరాలలో పట్నవాసులనూ, పల్లెవాసులనూ పరీక్షించారు. పొలం పనిచేసే వారిలో పట్నవాసుల కంటే ‘డి’ విటమిన్ ఎక్కువగానే వుంది. అయినా పల్లెవాసుల్లో కూడా చాలామందికి చాలినంత లేదని తేలింది. లేత ఎండే మేలన్నది మన పెద్దల నమ్మకం. కాని ఈ విటమిన్ బాగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 గంటల మధ్యనని తిరుపతిలో జరిగిన మరో పరిశీలన తేల్చింది.

ఇంకొక సంగతి: ఈ విటమిన్ కొవ్వులో ఇంకిపోతుంది. ఒంట్లో కొవ్వు ఎక్కువైతే అది అక్కడే చిక్కుకుని రక్తంలో తక్కువగా కనబడుతుంది. ఎండలో తిరగనివానికి విటమిన్ తక్కువ, ఒళ్లు వంచనివానికి కొవ్వు ఎక్కువ. రెండూ ఒకే గుమ్మంలోంచి ఇంట్లోకి వస్తున్నాయన్న మాట. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి వల్లనే పండు రాలిందనుకోవడం ఎలాంటిదో, విటమిన్ లోటు వల్లనే కొవ్వు పట్టిందనుకోవడం అలాంటిదే.

ఈ సంగతి పరీక్షించి చూసినవారు కూడా వున్నారు. చక్కెర వ్యాధితోపాటు కాలేయంలో కొవ్వు వున్న వారిలో కొందరికి 24 వారాలపాటు రోజూ 2000 యూనిట్ల ‘డి’ విటమిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇటలీ డాక్టర్లు ఇచ్చి చూశారు. కాలేయంలో కొవ్వు విషయంలో ఇద్దరికీ తేడా కనబడలేదని 2016లో ప్రకటించారు.

అలాగని ఈ విటమిన్ అక్కరలేదని కాదు. లోటు వుంటే ఎముకల కోసం మందు వాడవలసిందే. డాక్టరు చెప్పిన మోతాదు మించకూడదు. సాధారణంగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు వాడమనే 60,000 యూనిట్ల మందును తెలియక రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు పట్టుకుంటాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. చీటీ లేకుండా కొని తెచ్చుకునే మందు కాదిది.

కొవ్వు కరిగే దారి

కాలేయానికి వున్న గొప్ప గుణం తిరిగి కోలుకోవడం. బరువు నూటికి 5 పాళ్లు తగ్గినా కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 పాళ్లు తగ్గితే వాపు కూడా తగ్గుముఖం పడుతుంది. అంటే 70 కిలోల మనిషి అయిదారు నెలల్లో నెమ్మదిగా 5 నుంచి 7 కిలోలు తగ్గితే చాలు. కడుపు మాడ్చుకుని ఒక్కసారిగా తగ్గడం కాలేయానికి మంచిది కాదు. కాయకష్టం చేసి బక్కచిక్కిన వారికి ఈ సలహా వర్తించదు.

నడుముకు టేపు చుట్టి చూసుకోవడం ఖర్చులేని పరీక్ష. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే డాక్టరుకు చూపించుకోవాలి. రోజూ అరగంటకు తక్కువ కాకుండా చురుకుగా నడవాలి. కంచంలో అన్నం తగ్గించి కూర, పప్పు, ఆకుకూర పెంచాలి. చోడి అంబలి మంచిదే కాని అన్నానికి బదులుగా తాగాలి, అన్నం తిన్నాక కాదు. కూల్ డ్రింకులు మానాలి. మద్యం పూర్తిగా మానాలి. కవ్వళ్లు, కానగంతలు వంటి చేపల్లో, గుడ్డు పచ్చసొనలో ‘డి’ విటమిన్ కొంత వుంటుంది. చేపలు వేయించుకోవడం కంటే పులుసు మేలు. చక్కెర వ్యాధికి మందు వాడేవారు డాక్టరును అడిగి తిండి మార్చుకోవాలి.

నీడ మనిషి కంటే పొట్టిగా పడే వేళ చేతులు, కాళ్లకు కాసేపు ఎండ తగలనివ్వాలి. వైశాఖ మాసపు మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు. వడదెబ్బ విటమిన్ కోసం ఆగదు. వేసవిలో పొద్దుట తొమ్మిదిన్నరకే నీడ పొట్టిదవుతుంది, ఆ వేళ చాలు.

కాలేయపు కొవ్వును కూడా చక్కెర, గుండె జబ్బుల నివారణ పథకంలో కేంద్ర ప్రభుత్వం 2021లో చేర్చింది. ముందుగా ఊరి ఆరోగ్య కేంద్రంలో బి.పి., షుగరు చూపించుకోవాలి. అవసరమైతే అక్కడివారే పెద్దాసుపత్రికి, అంటే విశాఖ కింగ్ జార్జి ఆస్పత్రికి పంపుతారు. కళ్లు పచ్చబడినా, కాళ్లు వాచినా, కడుపు ఉబ్బినా పసరు మందులతో రోజులు గడపరాదు.

సూదిమందుకు డబ్బు కావాలి. ఊరి చెరువుగట్టు మీద నడకకు కానీ ఖర్చు లేదు. ఎండా అక్కడే వుంది, కొవ్వు కరిగే దారీ అక్కడే వుంది.