ఫ్రిస్కో ఇంటి లెక్క

2000లో ఫ్రిస్కో జనాభా 33,714. 2010లో 1,16,989. 2020లో 2,00,509. టెక్సాస్‌లో డాలస్‌కు ఉత్తరాన, నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఈ ఊళ్లో 1990లో ఉన్నది ఆరు వేల పైచిలుకు మంది. ముప్పై ఏళ్లలో ముప్పై రెట్లు దాటి పెరిగింది. 2020 జనగణన నాటికి అక్కడివాళ్లలో నాలుగో వంతుకు పైగా ఆసియా సంతతి వారు, వాళ్లలో పెద్ద వాటా భారతీయులది. ఇక తెలుగువాళ్ల సంగతి తెలుసుకోవడానికి జనగణన అక్కర్లేదు. శనివారం సాయంత్రం ఏదైనా ఇండియన్ కిరాణా కొట్టుకు వెళితే చాలు.

"మా వాడు ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాడు" అనగానే ఇక్కడ మనం అడిగే మొదటి ప్రశ్న "ఎంతకి?" అని. ఆ ప్రశ్నకు వచ్చే జవాబుతో తెలిసేది తక్కువ. ఇంటి ధర ఒక్కసారి చెప్పే అంకె. ఆ ఇంట్లో బతుకు ఎలా ఉంటుందో తేల్చేవి దాని చుట్టూ ఉండే చిన్న చిన్న శాతాలు. పిల్లలు ఏ బడికి వెళతారు, టోల్ ఎంత కడతారు, చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలు ఇంట్లోంచి బయటికి రాగలరా లేదా, అన్నీ ఆ శాతాల్లోనే ఉన్నాయి.

ఊరు పుట్టింది రైలు వల్ల. 1902 ప్రాంతంలో సెయింట్ లూయిస్–శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వే ఇటుగా వచ్చింది. ఆ కంపెనీ ముద్దుపేరే ఊరి పేరైంది. పెరిగింది మాత్రం కార్ల వల్ల. డాలస్ నార్త్ టోల్‌వే దశలవారీగా ఉత్తరానికి సాగి, 2007కల్లా ఊరిని దాటి 380 నంబరు హైవేని అందుకుంది. దక్షిణ సరిహద్దులో 121 నంబరు రోడ్డు, అదీ టోల్ రోడ్డే. 2017లో టయోటా తన ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయాన్ని కాలిఫోర్నియా నుంచి పక్కనున్న ప్లేనోకు మార్చింది. డాలస్ నడిబొడ్డు దాకా పోనవసరం లేకుండానే ఉద్యోగాలు శివారుకు వచ్చేశాయి. టోల్ మైలుకు 20 సెంట్ల పైచిలుకు. రెండేళ్లకోసారి రేటు మారుస్తారు, ఏటా 2.75 శాతం చొప్పున పెంచుతారు. రోజుకు 15 మైళ్లు వెళ్లి 15 మైళ్లు వచ్చేవాళ్లకు, నెలలో 20 పనిదినాలు వేసుకుంటే, 120 డాలర్లు దాటుతుంది. కొనేటప్పుడు ఇది ఎవరూ లెక్కలో వేసుకోరు.

అసలు కథ ఇంటి పన్నుది. టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీల నుంచి వచ్చేవాళ్లు ముందు చెప్పుకునే లాభం ఇదే. ప్రభుత్వాలు నడవాలి కదా, అందుకని బరువంతా ఇంటి మీద పడుతుంది. ఫ్రిస్కోలో కాలిన్ కౌంటీ వైపు ఉన్న ఇంటికి, విలువలో ప్రతి 100 డాలర్లకు బడుల డిస్ట్రిక్టు సుమారు 1 డాలరు 2 సెంట్లు, నగరం 43 సెంట్లు, కౌంటీ 15 సెంట్లు, కమ్యూనిటీ కాలేజీ 8 సెంట్లు తీసుకుంటాయి. రేట్లు ఏటా కాస్త అటూ ఇటూ అవుతాయి కాబట్టి ఇక్కడ ఉజ్జాయింపుగా ఇస్తున్నాను. మొత్తం 1.68 శాతం. ఊరిలో కొంత భాగం డెంటన్ కౌంటీలో ఉంది, అక్కడ లెక్క వేరు.

6 లక్షల డాలర్ల ఇల్లు అనుకుందాం. సొంతంగా కాపురం ఉండే ఇంటికి బడి పన్నులో 1,40,000 డాలర్ల విలువ మినహాయిస్తారు. ఇదే హోమ్‌స్టెడ్ మినహాయింపు. 2025 నవంబరులో ఓటర్లు దీన్ని 1,00,000 నుంచి ఈ స్థాయికి పెంచారు. మిగిలిన 4,60,000 మీద బడి పన్ను 4,692 డాలర్లు. నగరానికి 2,580, కౌంటీకి 900, కాలేజీకి 480. మొత్తం 8,652, అంటే నెలకు 721. నగరం, కౌంటీ ఇచ్చే మినహాయింపులు కూడా కలిస్తే ఇది కొంత తగ్గుతుంది. అయినా ముప్పై ఏళ్ల అప్పు తీరేలోపు, విలువ ఒక్క డాలరు పెరగకపోయినా, పన్నుగా పోయేది రెండున్నర లక్షల డాలర్ల పైమాటే. అప్పు తీరాకైనా ఆగుతుందా అంటే, ఆగదు.

కొత్త ఇల్లు కొన్నవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది రెండో ఏడాది. పన్ను విలువను జనవరి 1న ఉన్న స్థితిని బట్టి కడతారు. ఆ రోజుకు మీ ఇల్లు ఖాళీ స్థలమే అయితే, ఆ ఏడాది పన్ను స్థలానికే. స్థలం విలువ లక్షన్నర అనుకుంటే పన్ను 2,520, నెలకు 210. బ్యాంకు ఆ 210ని వాయిదాలో కలిపి ఎస్క్రో ఖాతాలో జమ చేసుకుంటుంది. కొన్నవాళ్లు "పన్ను ఇంతేనా" అని సంతోషించి, మిగిలిన డబ్బుతో సోఫాలు కొంటారు. మరుసటి జనవరికి ఇల్లు నిలబడి ఉంటుంది, బిల్లు 8,652 వస్తుంది. బ్యాంకు దాన్ని కట్టేసి, తగ్గిన 6,132 డాలర్లను పన్నెండు నెలలకు పంచి వసూలు చేస్తుంది. నెలకు 511. దానికి కొత్త పన్ను 721 కలిపితే 1,232. నిన్నటిదాకా 210 ఉన్నచోట 1,232! వాయిదా ఒక్కసారిగా వెయ్యి డాలర్ల పైన పెరుగుతుంది. ఇందులో బ్యాంకు మోసం ఏమీ లేదు, బిల్డరు అబద్ధమూ చెప్పలేదు. అడగనిది చెప్పలేదు, అంతే. కొనే రోజునే బ్యాంకును పూర్తి విలువ మీద ఎస్క్రో లెక్కకట్టమని అడగండి. కుదరదంటే మీరే నెలనెలా 500 డాలర్లు పక్కన పెట్టుకోండి.

హోమ్‌స్టెడ్ దరఖాస్తు పెట్టుకున్న ఇంటికి మరో రక్షణ ఉంది. మినహాయింపు వచ్చిన మరుసటి ఏడాది నుంచి పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకూడదు. ఏప్రిల్ ప్రాంతంలో అప్రైజల్ డిస్ట్రిక్టు విలువ కట్టి నోటీసు పంపుతుంది. ఎక్కువ కట్టారనిపిస్తే మే 15లోగా, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోగా, రెంటిలో ఏది తర్వాతైతే ఆ గడువులోపు అభ్యంతరం పెట్టవచ్చు. వకీలు అక్కర్లేదు. పక్కింటి విలువ, మీ ఇంటి పగుళ్ల ఫొటోలు చాలు.

పగుళ్లంటే గుర్తొచ్చింది. ఫ్రిస్కో నేల మనకు కొత్తది కాదు, నల్లరేగడి. ఒకప్పుడు ఈ పొలాల్లోనూ పత్తే పండేది. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే ఆ గుణం కర్నూలు రైతుకు తెలిసినంతగా ఇంజనీరుకు కూడా తెలియదేమో. అందుకే జులై, ఆగస్టు ఎండల్లో అక్కడివాళ్లు గడ్డికే కాదు, పునాది చుట్టూ కూడా నీళ్లు పెడతారు. పునాదికి నీళ్లు పెట్టడం చూసి ఇండియా నుంచి వెళ్లిన నాన్నలు నవ్వుతారు గాని, పునాది మరమ్మతు బిల్లు వేల డాలర్లలో ఉంటుంది.

ఇంకో పన్ను నగరం పొలిమేరల బయట పొంచి ఉంటుంది. ఊరి నీళ్లు, మురుగు కాల్వలు అందని చోట బిల్డర్లు మడ్ అనే ప్రత్యేక జిల్లా పెట్టి, బాండ్లు అమ్మి పైపులు వేస్తారు. ఆ అప్పును ఆ కాలనీవాళ్లే పన్నుగా తీర్చాలి. ఇల్లు యాభై వేలు చవకగా దొరికిందని సంబరపడేముందు మడ్ రేటు అడగాలి. 100 డాలర్లకు అదనంగా 50 సెంట్లు పడినా 6 లక్షల ఇంటికి ఏడాదికి 3,000. పదిహేడేళ్లలో ఆ చవకంతా ఆవిరి.

ఇక హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం. దాదాపు ప్రతి కొత్త కాలనీలోనూ ఉంటుంది, చేరనంటే కుదరదు. కంచెకు ఏ రంగు వేయాలో, చెత్తడబ్బా ఏ రోజు బయట ఉండొచ్చో అదే చెబుతుంది. గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టే మనవాళ్లకు ఒక చట్టం తెలిసి ఉండాలి. 2011లో టెక్సాస్ శాసనసభ, మతపరమైన చిహ్నాన్ని గుమ్మానికి పెట్టుకునే హక్కు ఇస్తూ 25 చదరపు అంగుళాల పరిమితి విధించింది. అంటే ఐదంగుళాల పొడవు, ఐదంగుళాల వెడల్పు. ఆ లెక్కన ఒక్క మామిడాకు పట్టడమే కష్టం! 2021లో ఆ పరిమితి ఎత్తేశారు. ఇప్పుడు తోరణం నిండుగా కట్టుకోవచ్చు.

బడి సంగతికి వద్దాం. తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది ఫ్రిస్కోకు వచ్చేది దాని కోసమే. ఫ్రిస్కో బడుల డిస్ట్రిక్టు హైస్కూళ్లను పెద్దవి కానివ్వదు. ఒక్కోదాన్ని సుమారు 2,100 మంది పిల్లలకు మించకుండా కట్టుకుంటూ వచ్చి, ఇప్పటికి 12 హైస్కూళ్లు చేసింది. చివరిది 2022లో తెరిచిన పాంథర్ క్రీక్. అయితే ఫ్రిస్కో చిరునామా ఉన్నంత మాత్రాన ఫ్రిస్కో బడి వస్తుందని లేదు. ఊరిలో కొన్ని భాగాలు లూయిస్‌విల్, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్ డిస్ట్రిక్టుల్లో ఉన్నాయి. మరోవైపు ప్లేనో, మెకిన్నీల్లోని కొన్ని కాలనీల పిల్లలు ఫ్రిస్కో బడులకే వెళతారు. వీధి దాటితే డిస్ట్రిక్టు మారిపోయే చోట్లు ఉన్నాయి. ఇంటి నంబరుతో సరిచూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఆ బడులకూ ఇప్పుడు బిగింపు మొదలైంది. రాష్ట్రం ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూలనిధి 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే నిలిచిపోయింది. 2025లో దానికి కలిపింది 55 డాలర్లు. ఈ మధ్యలో ధరలు ఎంత పెరిగాయో వేరే చెప్పాలా? మరోవైపు ఇళ్ల ధరలు పెరిగి చిన్నపిల్లలున్న కుటుంబాలు ఇంకా ఉత్తరానికి జరుగుతున్నాయి, ఫ్రిస్కోలో పిల్లల సంఖ్య తగ్గుతోంది. బడి పన్ను రేటు పెంచుతామని డిస్ట్రిక్టు 2024 నవంబరులో అడిగితే ఓటర్లు వద్దన్నారు. పాతికేళ్లుగా బడులు తెరవడమే పనిగా ఉన్న డిస్ట్రిక్టు ఒక మిడిల్ స్కూలును మూసేసింది కూడా.

ఇక, వెళ్లొచ్చిన అమ్మానాన్నలందరూ చెప్పే ఫిర్యాదు: "అక్కడ బస్సు లేదు." రెండు లక్షలు దాటిన నగరంలో సిటీ బస్సు లేకపోవడమేమిటి? జవాబు అమ్మకపు పన్ను బిల్లులో ఉంది.

1,000 డాలర్ల టీవీ కొంటే పన్ను 82 డాలర్ల 50 సెంట్లు. అందులో 62.50 రాష్ట్రానికి. మిగిలిన 20 స్థానికం, అంటే 2 శాతం. చట్టం ప్రకారం అంతకు మించి వేయకూడదు. బియ్యం, పప్పు, కూరగాయల మీద ఈ పన్ను లేదు, హోటల్లో దోసె తింటే ఉంది. ప్లేనో తన 2 శాతంలో ఒక శాతం నగరానికి ఉంచుకుని, ఇంకో శాతం డార్ట్ అనే రవాణా సంస్థకు ఇస్తుంది. 1983లో ఓటర్లు ఆమోదించి పెట్టుకున్న సంస్థ అది. అందుకే ప్లేనోకు రైలు వచ్చింది. రెడ్ లైన్ అనే ఆ రైలు పార్కర్ రోడ్ స్టేషను దగ్గరే ఆగిపోతుంది, ఫ్రిస్కోకు రాదు.

ఫ్రిస్కో ఆ రెండో శాతాన్ని రెండు ముక్కలు చేసింది. అర శాతం ఆర్థికాభివృద్ధి సంస్థకు, అర శాతం సమాజాభివృద్ధి సంస్థకు. కంపెనీలను రప్పించడానికి, స్టేడియాలూ పార్కులూ కట్టడానికి ఆ డబ్బు పనికొచ్చింది. 2003లో బేస్‌బాల్ మైదానం, 2005లో సాకర్ స్టేడియం, 2016లో డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కేంద్రం, 2022లో అమెరికా గోల్ఫ్ వృత్తిదారుల సంఘం ప్రధాన కార్యాలయం వరసగా వచ్చాయి. వాటి వల్ల ఊరికి పేరు, వ్యాపారం, పన్ను రాబడి పెరిగాయి. నగరం ఇంటి పన్నును 43 సెంట్ల దగ్గర ఉంచగలగడానికి అదీ ఒక కారణం. కాని 2 శాతం నిండిపోయింది. డార్ట్‌లో చేరాలంటే ఆ రెండు అర శాతాలనూ వదులుకోవాలి. ఈ మధ్య ప్లేనో నగరపాలకులే ఆ ఒక శాతం ఎక్కువైపోయిందని డార్ట్‌తో వాదనకు దిగారు, ఇక ఫ్రిస్కో కొత్తగా చేరుతుందని ఎవరు ఆశించగలరు? 65 ఏళ్లు దాటిన నివాసులకు, దివ్యాంగులకు ముందుగా బుక్ చేసుకుంటే వచ్చే వాహనం ఉంది, అంతే.

నా అభిప్రాయంలో ఇది పొరపాటున జరిగింది కాదు, తెలిసి చేసిన ఎంపిక. కారు నడిపేవాళ్లకు బాగా కలిసొచ్చింది. నడపనివాళ్లు ఆ లెక్కలో లేరు. ఆరు నెలలు ఉండి వద్దామని వెళ్లిన అమ్మమ్మలకు హనుమంతుడి గుడి పది నిమిషాల దూరంలోనే ఉంటుంది, కాని కొడుకో కోడలో ఆఫీసు నుంచి వస్తేనే ఆ పది నిమిషాలు. కాలిబాటలు శుభ్రంగా ఉంటాయి, ఆరు వరుసల రోడ్డు దాటడమే గండం. పైగా జులైలో 38 డిగ్రీలు మామూలు.

ఈ శాతాలను రాసేది రాష్ట్ర రాజధాని ఆస్టిన్ ఒక్కటే కాదు. నగర కౌన్సిలును, బడుల బోర్డును మే నెల మొదటి శనివారం జరిగే ఎన్నికల్లో ఊరివాళ్లే ఎన్నుకుంటారు. 2025 మేలో కళాకేంద్రం కట్టే ప్రతిపాదనను ఓడించింది కూడా ఆ ఓట్లే. హెచ్1బీ మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు ఈ పన్నులన్నీ కడతారు, ఓటు మాత్రం వేయలేరు. పౌరసత్వం వచ్చిన తెలుగువాళ్లు ఇప్పుడు ఫ్రిస్కోలో తక్కువేమీ లేరు. బస్సు కావాలన్నా, బడికి డబ్బు కావాలన్నా, ఇంటి పన్ను తగ్గాలన్నా వాళ్లు అధ్యక్ష ఎన్నికకు వెళ్లినంత శ్రద్ధగా ఆ శనివారం కూడా వెళ్లాలి. ఎన్నిక తేదీకి 30 రోజుల ముందే ఓటరుగా నమోదై ఉండాలి.