మీకు తెలుసా? బుట్టలో మొలకెత్తే పండుగ తీజ్

సినిమా వాళ్ల ఇళ్లకు, పెద్ద పెద్ద బంగళాలకు పేరుపడ్డ బంజారా హిల్స్‌కు ఆ పేరు ఒకప్పుడు ఈ గుట్టల్లో ఉన్న బంజారాల వల్లే వచ్చింది. రుతువులతో ముడిపడ్డ పండుగల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వాళ్ల తీజ్.

● శ్రావణ మాసంలో, చేలు పచ్చబడే వేళ, తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు ఈ పండుగ చేస్తారు.

● చిన్న బుట్టల్లో పుట్టమన్ను, మేకల ఎరువు కలిపి నింపి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. వాటిని మంచె మీద పెట్టి, పాటలు పాడుతూ రోజూ నీళ్లు పోస్తారు.

● మొలకలు ఏపుగా పెరిగితే పంటలు బాగా పండుతాయని, మంచి భర్త దొరుకుతాడని నమ్మకం.

● చివరి రోజు ఆ మొలకలు తుంచి అన్నదమ్ముల తలపాగాల్లో పెడతారు. తర్వాత బుట్టలను చెరువులోనో వాగులోనో నిమజ్జనం చేస్తారు. తొమ్మిది రోజులు కలిసి తిరిగిన పిల్లలు అప్పుడు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు. పెళ్లయి వెళ్లిపోతే మళ్లీ ఏడు ఎవరు ఉంటారో!

● తీజ్‌కు గుడి అక్కర్లేదు. మట్టి, నీళ్లు, విత్తనం ఉంటే చాలు. అందుకే నాకింత ఇష్టం.



ఈ శ్రావణంలో దగ్గర్లోని తండాకు వెళ్లి, ఆ పచ్చని బుట్టలను ఒక్కసారి కళ్లారా చూసి రండి.