తంగేడు పేరు ఎందుకు మారింది? కసిందతో ఎందుకు జాగ్రత్త?

తిరుపతి, చిత్తూరు వైపు గుట్టల మీద, రోడ్డు పక్కన పచ్చగా విరగబూసే పొద మీరందరూ చూసే ఉంటారు. అదే తంగేడు. మన పక్కనున్న తమిళం వాళ్లు ఆవారం అంటారు. తెలంగాణకైతే ఇది రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో ఉండి తీరాల్సిన పువ్వు. దీని బెరడుతో తోళ్లు పదును చేసేవాళ్లు కూడా.

గూగుల్‌లో వెతికితే దీనికి రెండు శాస్త్రీయ నామాలు వస్తాయి: కాసియా ఆరిక్యులేటా, సెన్నా ఆరిక్యులేటా. కంగారు పడకండి, రెండూ ఒకే మొక్క. 1753లో లిన్నేయస్ పెట్టింది మొదటి పేరు. ఆరిక్యులేటా అంటే చెవులున్నది అని. ఆకు కాడ మొదట్లో చూడండి, చెవుల్లాంటి రెండు చిన్న రెక్కలుంటాయి. పేరు అక్కడి నుంచే వచ్చింది.

మరి సెన్నా ఎందుకైంది? కాసియా అనే ఒక్క ఫోల్డర్‌లో వందల మొక్కలు పడేశారు. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే శాస్త్రవేత్తలు దాన్ని కాసియా, సెన్నా, కామెక్రిస్టా అని మూడుగా విడగొట్టారు. రేల పువ్వు చూడండి, మూడు కేసరాల కాడలు బాగా పొడవుగా వంపు తిరిగి ఉంటాయి. అందుకే రేల కాసియాలోనే ఉండిపోయింది. తంగేడుకి అలా ఉండవు, కాబట్టి సెన్నా. కుటుంబం మాత్రం అందరిదీ ఒకటే, చిక్కుడు కుటుంబం.

ఇదంతా మనకెందుకు బ్రో అంటారా? అసలు పాయింట్ ఇక్కడే ఉంది. అదే సెన్నాలో కసింద కూడా ఉంది. అదీ పచ్చ పువ్వే, అదీ రోడ్డు పక్కనే. తంగేడు మన దేశపు మొక్క, కసింద అమెరికా ఖండం నుంచి వచ్చింది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పిల్లలు కసింద గింజలు తిని కోమాలోకి వెళ్లి చనిపోయారని 2007లో డాక్టర్లు రాశారు.

గుర్తుపట్టడం ఈజీనే. తంగేడు ఆకులో ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్న మొద్దు రెక్కలు, కాడ దగ్గర చెవులు, పల్చటి కాగితం లాంటి కాయ. కసిందలో నాలుగైదు జతలే, కొసలు మొనదేలి ఉంటాయి, నలిపితే చెడ్డ వాసన.

తంగేడు పూల టీ అని ఫోన్‌లో చూసి కోసుకొచ్చే ముందు ఆ చెవులు ఉన్నాయో లేదో చూడండి. డౌటుంటే ముట్టుకోవద్దు. పిల్లలు ఏ గింజలైనా తిన్నారని తెలిస్తే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి, ఆ కొమ్మ కూడా పట్టుకెళ్లండి. డాక్టరుకి అదే పెద్ద క్లూ.