సింగపూరునుండి న్యూయార్కునకు

సింగపూరు చాంగీ విమానాశ్రయమునుండి న్యూయార్కు కెనడీ విమానాశ్రయమునకు గల కనిష్ఠ దూరము సుమారు 15,300 కిలోమీటర్లు. భూతలమున ఏ రెండు స్థలములును 20,000 కిలోమీటర్లకు మించి ఎడముగా నుండవు గనుక, ఇది ఆ పరమావధిలో ముప్పాతిక వంతునకు పైమాటయే. ఒకటి 104 డిగ్రీల తూర్పు రేఖాంశమునను, రెండవది 74 డిగ్రీల పడమటి రేఖాంశమునను ఉండుటచే, గోళముమీద దారము బిగించి చూచినచో అది ఉత్తరధ్రువము చెంతనుండియే సాగిపోవును; గోడమీది పటము ఈ సత్యమును పూర్తిగా మరుగుపరచును.

విమానము సర్వదా ఆ దారినే పోదు. పది కిలోమీటర్ల యెత్తున పడమటినుండి తూర్పునకు ఉద్ధృతముగా వీచెడి జెట్ ప్రవాహమును వెన్నుగాలిగా గ్రహించుటకై అది తరచు పసిఫిక్ మీదుగా మళ్లును. దారి పెరిగినను కాలము కలసివచ్చును. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున లెక్కించిన 17 గంటలే యగునుగాని, ఆరోహణావరోహణములతో 18 గంటలు దాటును. ఇంత దూరమునకు వలయు ఇంధనభారమును మోయుటకై సింగపూరు ఎయిర్‌లైన్సువారి విమానమున 161 ఆసనములే అమర్చబడినవి.

టిక్కెట్టుపై నుండు వేళలు రెండును స్థానికములే. శీతకాలమున న్యూయార్కు 13 గంటలు వెనుకబడి యుండును గనుక, అర్ధరాత్రి బయలుదేరినవాడు అచ్చటి గడియారము ప్రకారము ఆ తెల్లవారుజాముననే దిగును.