అబ్బ నోట్లో ఆకు లేదు

మా కడప వైపు తాతను అబ్బ అంటాం. మా అబ్బకు 72 ఏళ్లు. ఊరు చెన్నూరు, పెన్న ఒడ్డున. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన తమలపాకు తోటలో ఉంటాడు, లేదంటే ఇంటి వరండాలో ఆకులు లెక్కపెట్టి కట్టలు కడుతుంటాడు. నోట్లో ఎప్పుడూ ఆకు నములుతూనే ఉంటాడు. అందుకేనేమో, ఆయనకు వచ్చిన జబ్బు ఇంట్లో ఎవరి కంటా పడలేదు.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తా. సంక్రాంతికి ఊరొచ్చి, సెలవు దొరక్క వరండాలోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా. ఎదురుగా అబ్బ ఆకులు లెక్కపెడుతున్నాడు. "ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది..." అని ఆగిపోయాడు. చూపు గోడ మీద నిలిచిపోయింది. దవడ మాత్రం ఆడుతోంది. చేత్తో పంచె అంచు పీకుతున్నాడు. రెండుసార్లు పిలిచినా పలకలేదు. నిమిషమో, నిమిషంన్నరో గడిచాక నావైపు తిరిగి "ఎప్పుడొచ్చినావు నాయనా?" అన్నాడు.

నేనొచ్చి అప్పటికి మూడు రోజులు. అప్పుడు గమనించా, ఆయన నోట్లో ఆకు లేదు.

జేజిని అడిగితే "ముసలితనం రా. ఆర్నెల్ల నుంచి ఇంతే. ఉన్నట్టుండి మతి పోతాది, కాసేపటికి మళ్లీ వస్తాది" అంది. నాయన అప్పటికే ఒక డాక్టరుకు చూపించాడట. వయసుతో వచ్చే మతిమరుపని చెప్పి, బలానికి మాత్రలు రాసిచ్చారట.

నాకు మాత్రం ఒకటే అనుమానం. పోయిన మతి కాసేపటికే తిరిగొస్తే అది మతిమరుపు ఎట్లా అవుతుంది? ఎప్పుడో ఒకసారి కనిపించి మాయమయ్యే బగ్‌ను లాగ్స్ లేకుండా పట్టలేమని మా పనిలో రోజూ చూస్తుంటాం. ఇంట్లోనూ అదే పని చేశాం. చెల్లికి ఒక నోట్‌బుక్ ఇచ్చా. తేదీ, టైమ్, ఎన్ని నిమిషాలు, తర్వాత ఎంతసేపు తికమకగా ఉన్నాడు, అన్నీ రాయాలి. వీలైతే ఫోన్‌లో వీడియో తీయాలి. నెల తిరిగేసరికి ఐదు ఎంట్రీలు, రెండు వీడియోలు చేతికొచ్చాయి. వాటితో తిరుపతిలో ఒక న్యూరాలజిస్టు దగ్గరికి పోయాం. ఆమె మొదటి వీడియో రెండుసార్లు చూసి "ఇవి ఫిట్స్" అన్నారు.

ఫిట్స్ అనగానే మనకు గుర్తొచ్చేది కింద పడి కొట్టుకోవడం, నోట్లో నురగ. పెద్దవాళ్లలో చాలాసార్లు అట్లా ఉండదు. మెదడులో ఒక భాగంలోనే విద్యుత్ గందరగోళం మొదలవుతుంది. మనిషి శూన్యంలోకి చూస్తాడు, నోరు ఆడిస్తాడు, చేతులతో ఏదో వెతుకుతాడు. తర్వాతి తికమక గంటలు, ఒక్కోసారి రోజులు కూడా ఉండొచ్చు. అందుకే దీన్ని మతిమరుపనో, కళ్లు తిరగడమనో, షుగర్ పడిపోయిందనో పొరబడతారు. నిజానికి షుగర్ గానీ, రక్తంలో సోడియం గానీ బాగా తగ్గినా ఫిట్స్ వస్తాయి. కాబట్టి ముందు ఆ పరీక్షలు చేయించాల్సిందే.

మూర్ఛ చిన్నపిల్లల జబ్బని మనం అనుకుంటాం. కానీ కొత్తగా మొదలయ్యేది ఎక్కువగా రెండు వయసుల్లో. ఒకటి పసితనం, రెండోది అరవై దాటాక. పెద్ద వయసులో దీనికి ముఖ్య కారణం పక్షవాతం. ఆ తర్వాత అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు, తలకు దెబ్బలు, గడ్డలు. చాలామందిలో కారణం అసలు దొరకదు. మా అబ్బకు రెండేళ్ల కింద చేయి రెండు రోజులు పట్టు తప్పింది. నరాల బలహీనత అనుకుని వదిలేశాం. అది చిన్న పక్షవాతమని ఎమ్మారైలో ఇప్పుడు తేలింది. ఈఈజీ మామూలుగానే వచ్చింది. అయినా అది మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదని డాక్టరమ్మ ముందే చెప్పారు.

మాత్ర రాసిచ్చారు, పేరు లెవెటిరాసెటామ్. ఈ వయసులో తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. కిడ్నీల పనితీరు కూడా చూసుకోవాలి. రెండు వారాల్లో ఆగిపోవడాలు తగ్గాయి. కథ ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది.

చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. "ఈ మాట ఎవురికీ చెప్పాకండి" అంది జేజి. నాయన కూడా సరే అన్నాడు. నేనూ నోరు మూసుకున్నా. అబ్బకేమో ఆ మాత్రతో నిద్ర, చిరాకు. ఎవరికీ చెప్పకుండా ఆయనే మానేశాడు. నాలుగో రోజు తోటలో పడిపోయాడు, ఈసారి పెద్ద ఫిట్. కూలీలకు విషయం తెలియదు. చేతిలో తాళాలు పెట్టారు, నోట్లో నీళ్లు పోశారు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. మా మౌనానికి ఆయన కట్టిన బిల్లు అది.

తాళాలతో ఫిట్స్ ఆగవు. చేయాల్సింది ఇంతే. చుట్టూ గట్టి వస్తువులు తీసేయండి. తల కింద మెత్తటిది పెట్టండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. టైమ్ చూడండి. నోట్లో నీళ్లు, చెంచా, మాత్ర ఏదీ పెట్టొద్దు. చేతులు కాళ్లు అదిమి పట్టొద్దు. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా, అదే మొదటిసారి అయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మాత్ర పడకపోతే డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలే తప్ప సొంతంగా ఆపకూడదు.

ఆస్పత్రి నుంచి వచ్చాక నాయనే చెల్లి సంబంధం వాళ్లకు ఫోన్ చేశాడు. పక్షవాతం మచ్చ వల్ల వచ్చిన ఫిట్స్ మనవరాలికి రావని డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పాడు. మూర్ఛ ఉంటే పెళ్లికి అనర్హులనే మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. మన వాకిళ్లలోంచి మాత్రం ఇంకా పోలేదు. వాళ్లు "ఆలోచించి చెప్తాం" అన్నారు. ఇంకా చెప్పలేదు. చెల్లి మాత్రం "చెప్పకుండా చేసుకునే పెళ్లి నాకొద్దు" అంది.

ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. సరిగ్గా గుర్తించి మందులిస్తే 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గుర్తించడమే అసలు సమస్య.

అబ్బకు డోసు మార్చారు. మోపెడ్ తాళం నాయన దగ్గరుంది, దాని మీద రోజూ గొడవే. తోట కూలీలందరికీ పక్కకు తిప్పడం నేర్పించాం. రాత్రి ఎనిమిదికి నేను వీడియో కాల్ చేస్తా. మాత్ర వేసుకుని నోరు తెరిచి చూపిస్తాడు.

ఈసారి ఊరెళ్లినప్పుడు ఫోన్ కాసేపు పక్కన పెట్టి మీ పెద్దవాళ్ల ఎదురుగా కూర్చోండి. మాట మధ్యలో వాళ్లు ఆగిపోతే ముసలితనం అనుకోకండి. అప్పుడు ఫోన్ తీసి రికార్డ్ నొక్కండి.