పౌరసత్వపు దరఖాస్తు: కాగితముపైనా, ఆన్‌లైనులోనా?

"ఇక కాగితముతో పనిలేదు, అంతయు ఆన్‌లైనే" అను మాట ఈ దినములలో కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల గృహములలో తఱచుగా వినవచ్చుచున్నది. కరెంటు బిల్లు మొదలు పిల్లల పరీక్షాఫలితముల వరకు ఇది చాలవరకు నిజమే. కాని పౌరసత్వపు దరఖాస్తు విషయమున ఈ మాట సగము మాత్రమే నిజము. మిగిలిన సగమును గూర్చి సోదరీమణులకు విన్నవించుటయే మా యుద్దేశము.

"మనకేల యీ గొడవ? మనము పుట్టినది మానకొండూరు, మెట్టినది మంచిర్యాల; మన పౌరసత్వమునకు వచ్చిన లోటేమి?" అని యడుగువారు లేకపోరు. పుట్టుకచేతనే పౌరులైనవారికి దరఖాస్తుతో పనిలేదు. మన పెద్దలు 1948 సెప్టెంబరు వరకు నైజాము ప్రజలుగా నుండి, 1950 జనవరి 26వ తేదీన రాజ్యాంగము అమలులోనికి వచ్చినప్పుడు, ఏ ఫారమును నింపకయే, ఏ కచేరి మెట్లెక్కకయే భారత పౌరులైరి. కాని నాటికిని నేటికిని మన యిండ్ల స్థితి మాఱినది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములనుండి దుబాయి, మస్కటు, కువైటు పోయినవా రెందఱో కలరు. అమెరికాలోను, ఇంగ్లాండులోను కాపురముండు కూఁతుండ్రు గల తల్లులు నేఁడు ప్రతి వీథిలోను కానవత్తురు. పరదేశపుఁ గోడలిని దెచ్చికొన్న యిండ్లును అచ్చటచ్చట లేకపోలేదు. వీరందఱకు ఏదో యొకనాఁడు ఈ ఫారముతో పని కలుగును.

ఆదిలాబాదువైపు మఱియొక తరగతివారు కలరు. సిర్పూరు కాగితపు మిల్లువలన పేరు పొందిన కాగజ్‌నగరు పరిసరములలో, తూర్పు పాకిస్తానునుండి, అనఁగా నేఁటి బంగ్లాదేశమునుండి, కాందిశీకులై వచ్చిన బెంగాలీ కుటుంబములు స్థిరపడియున్నవి. నజ్రుల్‌నగరను పేరే ఆ సంగతిని చెప్పుచున్నది. ఇల్లు వాకిలి విడిచి వచ్చినవారికి సర్కారువా రిచ్చిన కాగితమే తొలి యాస్తి. ఆ కుటుంబముల స్త్రీలు తాతలనాఁటి పత్రములను మడత చెడకుండ దాఁచుకొనుటలోని యర్థము, పుట్టుకచేత పౌరులమైన మనకు వెంటనే తెలియదు.

ఇఁక దరఖాస్తు సంగతి. 1955 నాఁటి పౌరసత్వ చట్టము ప్రకారము భారత పౌరసత్వమును కోరువారు పూర్వము ఫారములను చేతితో నింపి, ప్రతులు జతచేసి, కలెక్టరు కచేరిలో నిచ్చుచుండిరి. ఇటీవలి సంవత్సరములలో ఆ ఫారమును కేంద్ర హోంశాఖవారి ఆన్‌లైను పేజీలో నింపవలసియున్నది. ఫొటోను, పత్రముల స్కానులను దానికి జతపఱచిన పిమ్మట ఒక ఫైలు నంబరు వచ్చును. అంతటితో పని తీఱినదని తలఁచుట పొరపాటు. ఆ నింపిన ఫారమును అచ్చుతీసి, సంతకము చేసి, పత్రములతోఁ గూడ కలెక్టరు కార్యాలయమునకుఁ బంపవలెను. పిమ్మట విచారణ, రాష్ట్ర ప్రభుత్వమువారి సిఫారసు, కేంద్రమువారి నిర్ణయము, తుదకు విధేయతా ప్రమాణము. 2019 నాఁటి సవరణ చట్టమునకై 2024 మార్చి 11న వెలువడిన నియమములలోఁ గూడ దరఖాస్తు ఆన్‌లైనే యైనను, అసలు పత్రములను జిల్లా సంఘమువారికి స్వయముగాఁ జూపవలసియే యున్నది. వాకిలి మాఱినదిగాని యిల్లు మాఱలేదన్నమాట.

ఆన్‌లైనువలన మేలు లేదని మా యభిప్రాయము కాదు. ఫైలు నంబరు చేత నుండుటయే గొప్ప మేలు. వెనుకటి కాలమున దరఖాస్తు ఏ బల్లపై నున్నదో తెలియక, నడివేసవిలో పల్లెనుండి జిల్లా కేంద్రమునకు పలుమాఱు తిరిగి, "రేపు రండి" అనిపించుకొని వచ్చిన స్త్రీల కష్టము చెప్పనలవి కాదు. ఇప్పుడు ఇంటనుండియే స్థితిని చూచుకొనవచ్చును. విదేశమున నున్న భర్తయు, ఇచ్చటి భార్యయు ఒకే ఫారమును చదివి సరిచూచుకొనవచ్చును. తప్పనిసరి గడి ఖాళీగా నుండినచో ఫారము ముందునకు సాగదు.

అయినను కాగితమునకుఁ గల యొక గుణము ఆన్‌లైనుకు లేదు. కాగితపు ఫారమును ఇంటికిఁ దెచ్చుకొని, వంట ముగిసిన పిమ్మట దీపముకడఁ గూర్చుండి, పెద్దల నడిగి, పెన్సిలుతో వ్రాసి చెఱిపి, నాలుగు దినములలో నింపుట కలదు. ఆన్‌లైను ఫారమును మనలో ననేకులు స్వయముగా నింపుకొనుట లేదు. బస్టాండుకడ నుండు ఇంటర్నెట్టు కేంద్రమునకుఁ బోయి, అచ్చటి కుఱ్ఱవానికి చెప్పుచుందురు. వానికి వెనుక పదిమంది వేచియుందురు. వాఁడు త్వరపడును, మనము మొగమాటపడుదుము. "ఇది యేమి, నాయనా?" అని యడుగుటకు సందేహింతుము. ఆ సందేహమే ముప్పు. ఏలయనఁగా ఫారము చివర "పై విషయములన్నియు సత్యములు" అని ప్రమాణము చేయునది ఆ కుఱ్ఱవాఁడు కాఁడు, మనము.

తప్పులు దొరలు చోట్లు కొన్ని మన ప్రాంతమునకే ప్రత్యేకములు. ఇంట లచ్చవ్వ, రేషను కార్డులో లక్ష్మి, బడి రిజిస్టరులో లక్ష్మీబాయి: ముగ్గురును ఒక్కతెయే యని మన వాడకు తెలియును, ఢిల్లీకి తెలియదు. పుట్టినింటి పేరొకటి, మెట్టినింటి పేరొకటి. ఫారములో ఇంటిపేరునకు వేఱు గడి, అసలు పేరునకు వేఱు గడి యుండఁగా, ఏది యెచ్చట వ్రాయవలెనో తెలియక తాఱుమాఱగుట తఱచు. పుట్టిన తేదీని బడిలో చేర్చునాఁడు పంతులుగారు ఉజ్జాయింపుగా వేసిన యిండ్లు కొల్లలు. పాస్‌పోర్టులో నొక తేదీయు ఆధారులో నొక తేదీయు నుండినచో, దరఖాస్తునకు ముందే సవరించుకొనుట మంచిది.

జిల్లాల సంగతి మఱియొకటి. 2016 అక్టోబరులో పాత జిల్లాలు విడిపోయి, కరీంనగరునుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల మున్నగునవియు, ఆదిలాబాదునుండి మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలును ఏర్పడినవి. జనన పత్రములో కరీంనగరు జిల్లా యనియు, నేఁటి చిరునామాలో జగిత్యాల జిల్లా యనియు నుండుట తప్పు కాదు. పుట్టినచోటికి పత్రములో నున్నట్లు వ్రాసి, నివాసమునకు నేఁటి జిల్లాను వ్రాయవలెను. దరఖాస్తు పోవలసినది నేఁటి నివాసపు జిల్లా కలెక్టరునకు. ఇంకొక చిన్న మాట. ఫారములో నిచ్చు ఫోను నంబరు మీ చేత నుండునదియే కావలెను. ఇంటర్నెట్టు కేంద్రమువాని నంబరో, రేపు దుబాయి పోఁబోవు మఱది నంబరో యిచ్చినచో, ప్రభుత్వమువారి సమాచారము మీకు చేరదు.

ఫారములోని యొక్క విషయము ఎంతదూరము పోవునో తెలిసికొనుటకు మనము పరదేశములకుఁ బోనక్కఱలేదు. వేములవాడ మాజీ శాసనసభ్యులు చెన్నమనేని రమేశ్ గారి వ్యాజ్యము మన జిల్లాలో నెఱుఁగనివారుండరు. వారు జర్మనీలో నివసించి, ఆ దేశపు పౌరసత్వమును స్వీకరించి, 2008లో భారత పౌరసత్వమునకు దరఖాస్తు చేసికొనిరి. 2009 ఫిబ్రవరిలో కేంద్రమువారు దాని నొసఁగిరి. ఆ యేడే వారు వేములవాడనుండి శాసనసభకు ఎన్నికైరి. 2010 ఉప ఎన్నికలోను, 2014, 2018 సంవత్సరములలోను తిరిగి గెలిచిరి. వారి ప్రత్యర్థి ఆది శ్రీనివాస్ గారు ఆ పౌరసత్వమునే ప్రశ్నించిరి.

వివాదమంతయు దేనిమీఁద? పూర్వము భారత పౌరులైయుండి తిరిగి పౌరసత్వమును కోరువారు, దరఖాస్తునకు ముందటి పండ్రెండు నెలలు ఈ దేశముననే నివసించియుండవలెనని చట్టములో నొక నిబంధన కలదు. ఆ నిబంధన తీఱలేదనియు, ఆ కాలమున చేసిన విదేశ ప్రయాణములను తెలుపలేదనియు ప్రత్యర్థి వాదము. 2017లో కేంద్ర హోంశాఖవారు పౌరసత్వమును రద్దు చేసిరి. విషయము హైకోర్టునకుఁ బోయి, మరల శాఖకు వచ్చి, 2019 నవంబరులో రెండవమాఱు రద్దయ్యెను. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు రమేశ్ గారి పిటిషనును కొట్టివేసి, ముప్పది లక్షల రూపాయల ఖర్చులు విధించెను. అందు ఇరువదియైదు లక్షలు శ్రీనివాస్ గారికి, అయిదు లక్షలు న్యాయ సేవల సంస్థకు. దరఖాస్తు పెట్టిన నాఁటినుండి ఈ తీర్పు వఱకు పదునాఱేండ్లు గడచినవి.

రాజకీయములలోని గెలుపోటములతో మాకుఁ బనిలేదు. మేము గమనింపఁ గోరునది యొక్కటియే: ప్రయాణపుఁ దేదీలు. ఆ ప్రశ్నకు జవాబు కాగితముపై వ్రాసినను, ఆన్‌లైనులో నింపినను, పాస్‌పోర్టులోని ముద్రలతో సరిపోవలెను. ఇంతకాలమునకు ముద్రలు చెఱిగిపోవుననియు, ఎవరును చూడరనియు తలఁచుట తగదు. ఇంటిలో నెవరెప్పుడు విమానమెక్కిరో, ఎప్పుడు దిగిరో యొక నోటు పుస్తకములో వ్రాసియుంచు గృహిణి, ఏ వకీలునకును దీసిపోని మేలు చేసినదగును. పాత పాస్‌పోర్టులు చెల్లిపోయినవని పాఱవేయరాదు.

పిల్లల విషయమున తల్లులు ముఖ్యముగాఁ దెలిసికొనవలసిన నియమ మొకటి కలదు. దీనిపై మేము కొంచెము నిలిచి చెప్పెదము. విదేశమునఁ బుట్టిన బిడ్డకు 1992 డిసెంబరు 10వ తేదీకి ముందు, తండ్రి భారత పౌరుఁడైనచో మాత్రమే వంశముచేత పౌరసత్వము వచ్చుచుండెను. తల్లి పౌరసత్వమునకు విలువయే లేదు. తొమ్మిది నెలలు మోసి కన్నతల్లిని చట్టము నలువదియేండ్లకుఁ బైగా లెక్కింపలేదన్నమాట! ఆ తేదీనుండి తల్లిదండ్రులలో నెవరు పౌరులైనను చాలును. కాని 2004 డిసెంబరు 3 తరువాత మఱియొక షరతు చేరినది. పుట్టిన యేడాదిలోపల అచ్చటి భారత దౌత్య కార్యాలయమున బిడ్డ జననమును నమోదు చేయింపవలెను. బిడ్డకు వేఱు దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు వ్రాసి యీయవలెను. యేడాది దాఁటినచో కేంద్ర ప్రభుత్వపు అనుమతి కావలసియుండును.

ఈ నమోదుకును ఫారము ఆన్‌లైనులోనే నింపి, అచ్చుప్రతిని తీసికొని కార్యాలయమునకుఁ బోవలెను. గల్ఫు దేశములలో బిడ్డకు వీసా కావలసియుండును గనుక తల్లిదండ్రులు త్వరపడుదురు. ఇంగ్లాండులో పొరపాటునకుఁ దావు హెచ్చు. ఆ నేలపైఁ బుట్టినంత మాత్రమున బిడ్డ ఆ దేశపు పౌరుఁడగునని మనవారిలోఁ జాలమంది నమ్మకము. 1983 జనవరి 1 నుండి అచ్చట నట్లు కాదు. తల్లిదండ్రులలో నొకరు బ్రిటిషు పౌరులో, స్థిరనివాసపు హక్కు గలవారో యైయుండవలెను. చదువులకో, కొద్దికాలపు కొలువులకో పోయిన దంపతులు ఈ సంగతి యెఱుఁగక, పురిటి సందడిలో యేడాదిని జాఱవిడిచినచో, బిడ్డ అటు బ్రిటిషు పౌరుఁడునుగాక, ఇటు భారత పౌరుఁడునుగాక నిలిచిపోవును. అత్తగారో, అమ్మగారో పురుడు పోయుటకు ఇచ్చటినుండి వెళ్లునప్పుడు కారపుపొడితోపాటు ఈ మాటయు తీసికొనిపోవలెను.

అమెరికావారి పద్ధతి వేఱు. అచ్చట పౌరసత్వమును కోరువారు నేఁటికిని కాగితముపైఁ గాని, ఆన్‌లైనులోఁ గాని తమ యిచ్చ వచ్చినట్లు దరఖాస్తు చేసికొనవచ్చును. 2024 ఏప్రిలు 1నుండి అమలులోనికి వచ్చిన రుసుము కాగితమునకు 760 డాలర్లు, ఆన్‌లైనుకు 710 డాలర్లు. కాగితమునకు ఏఁబది డాలర్లు హెచ్చన్నమాట. అయినను బీదతనమువలన రుసుము మాఫీ కోరువారు కాగితపు ఫారమునే పంపవలెనని నాఁటి నియమము. ప్రయాణపుఁ దేదీల ప్రశ్న అచ్చటను కలదు. సాధారణముగా గత యైదేండ్లలో దేశమును విడిచి చేసిన ప్రయాణములను తెలుపవలెను. ఆఱు నెలలు దాఁటి బయట నున్నచో నివాసము తెగినదేమో యను ప్రశ్న పుట్టును. మన చట్టము రెండు దేశముల పౌరసత్వమును ఒప్పుకొనదు గనుక, అమెరికా పౌరసత్వము వచ్చిననాఁడే భారత పౌరసత్వము పోవును. పాస్‌పోర్టును తిరిగి యప్పగింపవలెను. ఆ పిమ్మట తీసికొను ఓసీఐ కార్డు రాకపోకలకు వీలు కలిగించునుగాని ఓటు హక్కు నీయదు.

కూఁతునికడ నుండుటకుఁ బోయి అచ్చట గ్రీను కార్డుతో వృద్ధలైన తల్లులకు మాత్రము ఒక వెసులుబాటు కలదు. ఏఁబదియేండ్లు నిండి యిరువది సంవత్సరములు ఆ కార్డుతో నివసించినవారును, ఏఁబదియైదేండ్లు నిండి పదునైదు సంవత్సరములు నివసించినవారును ఆంగ్ల పరీక్ష నీయనక్కఱలేదు. ఆ దేశపు చరిత్రను, ప్రభుత్వమును గూర్చిన ప్రశ్నలకు దుబాసీని వెంటఁబెట్టుకొని తెలుఁగుననే జవాబు చెప్పవచ్చును. దుబాసీని దరఖాస్తుదారే కుదుర్చుకొని తీసికొనిపోవలెను.